ఎనిమిది రోజుల్లో గ్రీసు, రోము శిథిలాలు: రెండు దేశాలా, ఒకటేనా?

ప్రశ్న: నాగావళి గట్టు, శ్రీకాకుళం

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం బోధించి రెండేళ్ల క్రితం పదవీ విరమణ చేశాను. ముప్పై ఏళ్లకు పైగా ఏథెన్సును, రోమును గోడకు వేలాడే పటం మీద బెత్తంతో చూపిస్తూ వచ్చాను గాని, ఆ బెత్తం కొన ఆనిన చోటు ఎలా ఉంటుందో నా కళ్లతో చూసింది లేదు. ఇప్పుడు మా అబ్బాయి ఖర్చు తాను పెట్టుకుంటానని పట్టుబట్టడంతో బయలుదేరాలని నిశ్చయించుకున్నాము.

మా అమ్మగారు మంచం మీద ఉన్నారు. ఆమెను చూసుకోవడానికి మా తమ్ముడు తొమ్మిది రోజులే సెలవు పెట్టగలడు కనుక, రాకపోకలతో కలిపి ఎనిమిది రోజులకు మించి వెళ్లడం కుదరదు. మాకు చూపించిన ఒక గైడెడ్ టూరు కాగితంలో ఏథెన్సు, డెల్ఫీ, కొరింథు, రోము, పాంపే అన్నీ ఆ ఎనిమిది రోజుల్లోనే ఉన్నాయి. చదవడానికి ఎంతో సంతోషంగా ఉంది గాని, అది నిజంగా సాధ్యమేనా అన్న సందేహం పీడిస్తోంది. నా భార్యకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. సమతలం మీద గంటన్నర నడవగలదు గాని, కిందటి కార్తిక మాసంలో సాలిహుండం కొండ ఎక్కేటప్పుడు సగంలోనే కూర్చుండిపోయింది. మేము శాకాహారులము. వెళ్లి వచ్చినవారు దయచేసి దాపరికం లేకుండా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: కోట బురుజు, విజయనగరం

మాస్టారికి నమస్కారాలు. కిందటేడు మన పైడితల్లమ్మ సిరిమానోత్సవం ముగిసిన వారానికి నేనూ, మా అన్నయ్య కుటుంబమూ కలిసి మీరు రాసిన దానికి అచ్చంగా సరిపోయే యాత్రకే వెళ్లాము. సంస్థ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు వారిది ఎంతో, కాగితాన్ని సరిగా చదవని మాదీ అంతే.

లెక్క వేసి చూడండి. మొదటి రోజు విశాఖ నుండి బయలుదేరి ఏథెన్సు హోటలు చేరి పడుకోవడంతోనే అయిపోయింది. చివరి రోజు విమానాశ్రయానిది. మధ్యలో ఏథెన్సు నుండి రోముకు మారడానికి, పెట్టెలు సర్దడం మొదలుకొని కొత్త హోటలు తాళం చేతికి వచ్చేదాకా, ఒక పగలంతా పట్టింది. మిగిలినవి ఐదు రోజులు. అందులో డెల్ఫీ ఏథెన్సుకు సుమారు 180 కిలోమీటర్లు, బస్సులో పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర గంటలు. అక్కడ మాకు దక్కింది మ్యూజియంతో కలిపి గంటన్నర. అపోలో ఆలయం దగ్గర గైడు ఆగి, పైన కనిపించే నాటకశాలను వేలితో చూపించి, వెనక్కి తిప్పేశాడు. క్రీస్తుకు పూర్వం అయిదవ శతాబ్దపు కంచు రథసారథి విగ్రహం ముందు, దాని కళ్లలో పొదిగిన రాళ్లు ఇంకా చెక్కుచెదరకుండా మెరుస్తూ ఉండగా, నిలబడే వ్యవధి మూడు నిమిషాలకు మించి దొరకలేదు.

రోములో జరిగింది ఇంకా విడ్డూరం. కాగితంలో ‘కొలోసియం సందర్శన’ అని ఉంది. బస్సు దిగి, ఎదుటి రోడ్డు మీద నిలబడి, ఫోటోలు తీసుకుని, మళ్లీ బస్సెక్కడమే ఆ సందర్శన. అడిగితే, లోపలికి ప్రవేశం అని ఎక్కడ రాశామండీ అన్నారు. అందువల్ల మీరు ఏ టూరు వారితో మాట్లాడినా, ప్రతి చోటు పేరు పక్కనా లోపలికా, బయటి నుంచా, ఎన్ని గంటలు అని రాయించుకోండి. కొలోసియం టికెట్టు మనిషి పేరు మీద, ప్రవేశ సమయంతో సహా ఇస్తారు. గుమ్మం దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. అప్పటికప్పుడు కొందాములే అనుకుంటే కుదరదు.

ఇక అసలు సంగతి. గ్రీకుల కట్టడాలు చూడాలంటే గ్రీసుకే వెళ్లాలన్న నియమం లేదు. దక్షిణ ఇటలీ తీరమంతా ఒకనాడు గ్రీకుల వలస పట్టణాలే. నేపుల్స్‌కు దక్షిణంగా రైలులో గంటకు కాస్త పైచిలుకు దూరంలో పేస్టం ఉంది. క్రీ.పూ. 600 ప్రాంతంలో గ్రీకులు పోసైడోనియా పేరుతో స్థాపించిన ఈ పట్టణం తరువాత లుకానియన్లు అనే ఇటలీ తెగ చేతికి పోయి, క్రీ.పూ. 273లో రోమన్ల వలస అయింది. అక్కడ డోరిక్ అనే పాత గ్రీకు స్తంభాల శైలిలో కట్టిన మూడు ఆలయాలు నిలిచి ఉన్నాయి. వాటిలో పాతది క్రీ.పూ. 550 నాటిది, అంటే ఏథెన్సు కొండ మీది పార్థినాన్ ఆలయం కంటే వందేళ్లు పెద్దది. దాని ముఖభాగంలో తొమ్మిది స్తంభాలు ఉండడం వల్ల నట్టనడుమ దారి ఉండవలసిన చోట ఒక స్తంభం అడ్డుగా నిలిచి ఉంటుంది. స్తంభాల నడుము, బరువుకు ఉబ్బినట్లుగా, కంటికే తెలుస్తుంది. ఆ ఆలయాల పక్కనే రోమన్ల ఫోరం, అంటే ఊరి నడిబొడ్డు కూడలి ఉంది, యాంఫీథియేటరు అనే గుండ్రని క్రీడారంగం సగం ఉంది. నేల పూర్తిగా చదును. మీ పాఠంలోని రెండు అధ్యాయాలూ ఒకే ఆవరణలో, మీ ఇంటావిడ మోకాళ్లకు ఇబ్బంది లేకుండా దొరుకుతాయి. మేము రెండవసారి, టూరు లేకుండా, ఇటలీకి మాత్రమే వెళ్లినప్పుడు ఇది చూసి, మొదటిసారి పెట్టిన డబ్బుకు మళ్లీ బాధపడ్డాము.

రోములో పాంథియన్ అనే పాత రోమన్ ఆలయాన్ని వదలకండి. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 126 ప్రాంతంలో పూర్తయిన ఆ గుమ్మటం వ్యాసం 43 మీటర్ల పైచిలుకు, లోపల ఒక్క ఇనుప కడ్డీ లేదు. సున్నంలో అగ్నిపర్వతపు బూడిద కలిపి, అడుగున బరువైన రాయిముక్కలు, పైకి పోయేకొద్దీ తేలికైన నురగరాయి వేసి పోత పోశారు. 1713లో కట్టిన మా కోట గోడల గానుగ సున్నం గట్టిదనాన్ని చిన్నప్పటి నుండి వింటూ పెరిగినవాణ్ని కాబట్టి, నేను ఆ గుమ్మటం కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడ్డాను. ఇది విషయాంతరమే, మన్నించాలి.

జవాబు: కళింగపట్నం కెరటం, శ్రీకాకుళం

కోట బురుజు గారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను మర్చంట్ నేవీలో ఇంజనీరును. మా ఓడ మరమ్మతు కోసం నేపుల్స్ రేవులో ఐదు వారాలు ఆగినప్పుడు, సెలవు దొరికిన ప్రతి రోజూ, వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పూడిపోయిన రోమన్ పట్టణాలైన పాంపేకో హెర్క్యులేనియంకో పోయేవాణ్ని.

పాంపేకు మొదటిసారి గైడు లేకుండా వెళ్లి, మూడు గంటలు మొండిగోడల మధ్య ఎండలో తిరిగి, ఏమీ అర్థం కాక తిరిగి వచ్చాను. రెండవసారి ప్రభుత్వ లైసెన్సు ఉన్న గైడుతో వెళితే అదే వీధి వేరే వీధిలా కనిపించింది. వీధికి అడ్డంగా ఎత్తైన బండలు ఎందుకు ఉన్నాయంటే, మురుగు పారుతున్నా జనం కాళ్లు తడవకుండా దాటడానికి. వాటి మధ్య సందులు ఎందుకంటే, బండి చక్రాలు పోవడానికి. ఆ చక్రాలు రాతిలో కోసిన గాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వీధి మూలల్లో అరుగులోకి కుండలు పాతిన దుకాణాలు ఉంటాయి. అవి వండిన తిండి అమ్మే చోట్లు, మన బస్టాండు దగ్గరి టిఫిను హోటళ్ల వంటివి. రొట్టెల బట్టీలో లావా రాతి తిరగళ్లను గాడిదలు తిప్పేవని గైడు చెప్పినప్పుడు నాకు మా తాతగారి ఊరి నూనె గానుగ గుర్తుకు వచ్చింది. కాబట్టి గైడు అవసరమా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది: ఎనిమిది రోజులూ వెంట ఉండే గైడు అక్కరలేదు, పాంపేలో మూడు గంటలు, రోమన్ ఫోరంలో రెండు గంటలు తప్పకుండా కావాలి.

పాంపే మొత్తం సుమారు 66 హెక్టార్లు, అందులో మూడింట రెండు వంతులు తవ్వారు. నీడ దాదాపు లేదు. మోకాళ్ల నొప్పులు ఉన్నవారి కోసం యాంఫీథియేటరు వైపు ద్వారం నుండి మూడు కిలోమీటర్లకు పైగా చదునైన దారి ప్రత్యేకంగా ఏర్పాటు చేశారు; గైడును ఆ దారినే తీసుకువెళ్లమని ముందే అడగండి. రోజుకు 20,000 మందికి మించి రానివ్వరు, టికెట్టు మీద పేరు ఉంటుంది. అంత నడక కష్టమనుకుంటే హెర్క్యులేనియం మేలు. అది చిన్నది, పైగా అక్కడ కాలిన చెక్క తలుపులు, దూలాలు, మేడ అంతస్తులు కూడా మిగిలాయి.

మాస్టారికి ప్రత్యేకంగా ఒక మాట. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు, మిసేనం రేవులోని నౌకాదళానికి అధిపతిగా ఉన్న ప్లినీ, జనాన్ని కాపాడడానికి ఓడలు తీసుకుని వెళ్లి స్టాబియే తీరంలో చనిపోయాడు. తన ‘ప్రకృతి చరిత్ర’లో సముద్రతీరపు కళింగులను, దండగుడ అనే పట్టణాన్ని ప్రస్తావించింది ఆ ప్లినీయే. ఆ దండగుడ కళింగుల పాత రాజధాని అయిన మన దంతపురమేనని కొందరు పండితుల అభిప్రాయం. మన తీరం పేరు రాసుకున్న మనిషి ఆ తీరంలో ప్రాణం విడిచాడని తెలిశాక, ఓడ మీద నుండి ఆ కొండను చూసిన ప్రతిసారీ నాకు ఏదో చుట్టరికం ఉన్నట్లే అనిపించేది. నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో, 1938లో పాంపేలో దొరికిన దంతపు బొమ్మ కూడా ఉంది. లక్ష్మి అంటారు, యక్షి అనేవారూ ఉన్నారు. మన దేశంలో చెక్కినదే. అది ‘రహస్య మందిరం’ అనే ప్రత్యేకమైన గదిలో ఉంటుంది, అడిగి వెళ్లాలి. మ్యూజియానికి మంగళవారం సెలవు.

జవాబు: బొబ్బిలి వీణ

అందరూ ఇటలీ వైపే మొగ్గుతున్నారు గనుక గ్రీసు పక్షాన ఒక్కరైనా ఉండాలి. పేస్టం ఆలయాలను నేను తక్కువ చేయను. అయితే ముప్పై ఏళ్లు పార్థినాన్ పేరు చెప్పి పాఠం చెప్పినవారు దానిని చూడకుండా ఎలా ఉంటారో నాకు అర్థం కాదు. క్రీ.పూ. 447లో మొదలుపెట్టి తొమ్మిదేళ్లలో లేపిన ఆ కట్టడంలో తిన్నని గీత అంటూ దాదాపు లేదు. కంటికి చదునుగా కనిపించడానికే దాని అరుగును పక్కల పొడవునా నడిమధ్యలో సుమారు 11 సెంటీమీటర్లు ఉబ్బెత్తుగా కట్టారు. 1687లో వెనీసు సైన్యపు గుండు తగిలి, లోపల తురుష్కులు దాచిన తుపాకిమందు పేలకపోయి ఉంటే ఈరోజు కప్పుతో సహా చూసేవాళ్లమేమో. కొండ ఎక్కలేనివారికి, పార్థినాన్ ఉన్న ఆ అక్రోపోలిస్ కొండకు లిఫ్టు ఉంది. పైన మాత్రం జనం పాదాలకు అరిగి నునుపెక్కిన పాలరాతి మీద జారకుండా నడవాలి.

నేను సంగీతం చెప్పుకునే మనిషిని కాబట్టి నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది ఎపిడారస్ నాటకశాల. క్రీ.పూ. నాలుగవ శతాబ్దపు ఆ రాతి మెట్ల మీద నేను సగం ఎత్తులో కూర్చుని ఉండగా, కింద మా అమ్మాయి మామూలు గొంతుతో అన్న మాట పక్కన ఉండి అన్నట్లు వినిపించింది. ఏథెన్సులో నాలుగు రాత్రులు ఉండి, ఒక రోజు మైసినీ అనే పురాతన కోట, ఎపిడారస్ చూసి వస్తే చాలు. ఏ దేశమైనా ఒకటే ఎంచుకోవాలన్న దానికి మాత్రం నాదీ అదే మాట.

జవాబు: పాత బస్టాండు, విజయనగరం

వీసా గురించి ఎవరూ రాయలేదు. రెండు దేశాలూ షెంగెన్ కిందికే, అంటే ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల కిందికే వస్తాయి. ఎక్కువ రోజులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. కాని అంతదాకా ఆగితే నిద్ర పట్టదు, రెండు నెలల ముందే కదలండి. పెద్దలకు రుసుము 90 యూరోలు, వీసా దరఖాస్తు కేంద్రం వారి సేవా రుసుము వేరు. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా ఉండాలి. మీ అబ్బాయి ఖర్చు భరిస్తున్నారు గనుక ఆయన బ్యాంకు కాగితాలు, హామీ లేఖ జతచేయండి.

నాగావళి గట్టు, శ్రీకాకుళం

అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో మూడు రాత్రులు చర్చించుకుని ఇటలీనే ఖాయం చేశాము. బొబ్బిలి వీణ గారు రాసినది చదివి నా మనసు మళ్లీ ఊగిన మాట నిజమే గాని, కొండ, జారే పాలరాయి అన్న మాటలు విని నా భార్య ఒప్పుకోలేదు. మార్చి మొదటి వారంలో వెళ్లి, రోములో మూడు రాత్రులు, నేపుల్స్‌లో మూడు రాత్రులు ఉందామని అనుకుంటున్నాము. నేపుల్స్ నుండి ఒక రోజు హెర్క్యులేనియం, మ్యూజియం. ఒక రోజు పేస్టం. పాంపే వదులుకోవాలా అన్నదొక్కటే తేలలేదు. భోజనం సంగతి కూడా ఎవరైనా చెప్పగలరు. ఆవకాయ, నెయ్యి వెంట తీసుకువెళ్లవచ్చునా?

జవాబు: కళింగపట్నం కెరటం, శ్రీకాకుళం

పాంపే వదలకండి మాస్టారూ. రోము నుండి నేపుల్స్‌కు వేగంగా పోయే రైలులో గంటా పది నిమిషాలే కాబట్టి, మారే రోజున పొద్దున్నే బయలుదేరి, పెట్టెలు హోటల్లో పడేసి, మధ్యాహ్నం పాంపేకు వెళ్లవచ్చు. ఆ రోజు మంగళవారమైతే మ్యూజియంతో పేచీ కూడా ఉండదు. తిండికి లోటు లేదు. టమాటా పాస్తా, జున్ను (చీజు) వేయని మరినారా పిజ్జా ఎక్కడైనా ఇస్తారు. కొన్ని రకాల జున్నులో దూడ పొట్ట నుండి తీసిన తోడు వాడతారు, పట్టింపు ఉంటే అడగండి. ఆవకాయ సీసా కారకుండా గట్టిగా కట్టి, విమానంలో వేసే పెట్టెలో పెట్టండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. పాల పదార్థాలను బయటి దేశాల నుండి తేనివ్వరు. మా అమ్మ కట్టిచ్చిన నెయ్యి డబ్బా అక్కడి విమానాశ్రయంలో తనిఖీ బల్ల మీదే ఉండిపోయింది.