మెదడు చిప్ వస్తుందని తమ్ముడు వ్యాయామం మానేశాడు, ఏం చెప్పాలి?

ప్రశ్న (తమ్ముడి అక్క):
మా తమ్ముడికి 26 ఏళ్లు. పద్నాలుగు నెలల క్రితం మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. రిపోర్టులో సీ6 అని ఉంది, అంటే మెడలో ఆరో నరం స్థాయి. మోచేయి వంచగలడు, మణికట్టు కాస్త పైకెత్తగలడు, వేళ్లు మాత్రం కదలవు. ఈమధ్య ఒక వీడియో చూశాడు. అందులో ఒకాయన మనసులో అనుకోగానే చెయ్యి లేచి కప్పును నోటిదాకా తెచ్చింది. అప్పటినుంచి "అది వచ్చాక చూద్దాంలే అక్కా" అంటాడు. వాడు ఫోను చూసుకుంటుంటే రోజూ వేళ్లు చాపేది నేనే. ఆ యంత్రం నిజంగా అంత దగ్గరలో ఉందా?

సమాధానం (చక్రాల కుర్చీ):
నాదీ సీ6 గాయమే, పదకొండేళ్లయింది. మీ తమ్ముడు చూసింది బహుశా అమెరికాకు చెందిన బిల్ కోచెవార్ వీడియో. ఆ ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. ఆయన మెదడులో రెండు చిప్‌లు, ఒక్కోదానికి 96 ఎలక్ట్రోడ్లు. చేతిలో మరో 36. చెయ్యి ఎత్తాలనుకున్నప్పుడు మెదడులో పుట్టే సంకేతాన్ని కంప్యూటర్ చదివి, వెన్నుపాముతో పని లేకుండా నేరుగా కండరాలకు కరెంటు పంపుతుంది. కప్పు మీదే కళ్లుంటాయి కాబట్టి ఒకటి గమనించం: ఆ చేతి బరువు మోస్తున్నది ఒక యంత్రపు ఆసరా. అంతకుముందు నెలల తరబడి కరెంటుతోనే ఆయన కండరాలకు కసరత్తు చేయించారు.

నాకు చిప్ లేదు. ముంజేతి మీద ప్యాడ్లు అంటించి కరెంటు ఇచ్చినప్పుడు మొదట చీమలు పాకినట్టు అనిపించింది, తర్వాత ఒక్క కుదుపుతో బొటనవేలు లోపలికి ముడుచుకుంది. గ్లాసు పట్టుకున్నాను! కాసేపటికే వేళ్లు వణికి గ్లాసు జారింది. మన శరీరమైతే కండరంలోని చిన్న పోగులను ముందు పిలిచి, వంతులవారీగా పని చేయిస్తుంది. బయటి కరెంటు త్వరగా అలసిపోయే పెద్ద పోగులను కూడా ఒక్కసారే లేపేస్తుంది. పదకొండేళ్లలో నేను వదలని పని ఆ కండరాలను బతికించుకోవడమే. కోచెవార్‌లాగే మెదడు చిప్‌తో చెయ్యి కదిపిన ఇయాన్ బర్క్‌హార్ట్‌ అనే అమెరికన్‌కు 2014లో ఆ చిప్ పెట్టారు, 2021లో ఇన్ఫెక్షన్ వచ్చి తీసేశారు. ఇదీ వాడికి చెప్పండి.

సమాధానం (ఆశావాది):
మరీ నీరుగార్చకండి. 2023లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ పరిశోధకుల బృందం, వెన్నుపాము దెబ్బతిన్న గెర్ట్-యాన్ ఓస్కామ్ అనే ఆయన మెదడుకు, వెన్నుపాముకు మధ్య తీగ లేని వంతెన వేసింది. ఆ యంత్రం ఆపేసినా ఆయన ఊతకర్రలతో కొంత నడిచాడు.

సమాధానం (చక్రాల కుర్చీ):
నిజమే. కానీ ఆయన గాయం అసంపూర్ణమైనది, అంటే వెన్నుపాము పూర్తిగా తెగిపోలేదు. పైగా అంతకుముందే వెన్నుపాముకు కరెంటు ఇచ్చే పద్ధతితో ఏళ్ల తరబడి సాధన చేశాడు. ఖాళీగా కూర్చుని ఎదురుచూడలేదు.

సమాధానం (ఫిజియోథెరపిస్టు):
వెన్నుపాము నుంచి కండరానికి వెళ్లే నరం బతికి ఉంటేనే ఈ కరెంటుకు కండరం స్పందిస్తుంది. గాయమైన చోటే మొదలయ్యే నరాలు చచ్చిపోయి ఉండవచ్చు. ప్యాడ్లతో పరీక్షిస్తే ఏ కండరం పలుకుతుందో తెలుస్తుంది, ముందు అది చేయించండి.

మరి, వేళ్లు ఎలా చాపుతున్నారమ్మా? మణికట్టు వెనక్కి వంచి వేళ్లు కూడా నిటారుగా చాపుతుంటే వెంటనే ఆపండి. మణికట్టు ఎత్తినప్పుడు వేళ్లు వాటంతట అవే ముడుచుకునేది స్నాయువుల్లో (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) ఆ కాస్త బిగువు ఉండబట్టే. సీ6 వాళ్లకు ఈరోజు చేతిలో ఉన్న పట్టు అదే. వేళ్లు చాపేటప్పుడు మణికట్టు కిందికి వాల్చండి, మణికట్టు ఎత్తేటప్పుడు వేళ్లు ముడిచి ఉంచండి.

తమ్ముడి అక్క:
ఇన్నాళ్లూ సరిగ్గా మీరు ఆపమన్న పద్ధతిలోనే చాపాను. చదివి కాసేపు మాట రాలేదు. నిన్న రాత్రి నుంచి పద్ధతి మార్చాను. ఇదంతా వాడికి చదివి వినిపిస్తే, కోచెవార్‌కు నెలల తరబడి కసరత్తు చేయించారన్న చోట ఫోను పక్కన పెట్టి "ఆ ప్యాడ్ల పరీక్ష ఎప్పుడు?" అన్నాడు. ఫిజియో గారూ, వెళ్లేటప్పుడు ఏ రిపోర్టులు తీసుకెళ్లమంటారు?