అప్‌డేట్: సఫ్రాన్‌బోలు వెళ్లొచ్చాం

టర్కీ ట్రిప్‌లో పాత ఒట్టోమన్ ఇళ్ల కోసం సఫ్రాన్‌బోలు దాకా వెళ్లవచ్చా, మోకాళ్ల నొప్పులున్న అమ్మ తిరగగలదా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. అంకారా మీదుగా వెళ్లమన్నవాళ్లకు థాంక్స్, ఇస్తాంబుల్ కంటే అదే బాగా దగ్గర.

ఈ ఊరు 1994 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. ఇళ్లకు కింది అంతస్తు రాతిగోడ. పైన కర్ర చట్రం, మధ్యలో పచ్చి ఇటుకలు, మీద సున్నం. పై అంతస్తు వీధిలోకి ముందుకు పొడుచుకొస్తుంది. కింద గోడ వీధి వంకరను బట్టి ఎలా తిరిగినా, పైన గదులు మాత్రం చక్కగా మూలమట్టంగా వస్తాయి.

గదులన్నీ మధ్య హాల్లోకి తెరుచుకుంటాయి. మన మండువా లోగిలి గుర్తొచ్చింది, కాకపోతే దీనికి పైకప్పు ఉంటుంది. పగలు పరుపులు గోడ బీరువాలోకి వెళ్లిపోతాయి. అలాంటి బీరువా తలుపే ఇంకోటి తీస్తే లోపల స్నానాల గది! మనిషి నిలబడి నీళ్లు పోసుకునేంత చోటు, అంతే. ఇంకో తమాషా, గోడలో తిరిగే అలమర: ఆడవాళ్లు ఇటు వంట పెట్టి తిప్పితే, అటు మగ అతిథుల గదిలో తేలుతుంది. పరదా పాటిస్తూనే మర్యాదలు చేయడమంటే ఇదే కాబోలు.

ఇక మోకాళ్ల సంగతి. వీధులన్నీ రాళ్లు పరిచిన ఎత్తుపల్లాలు, ఇళ్లలో నిటారు చెక్క మెట్లు. అమ్మ ఒక ఇల్లు చూసి, మిగతా టైమంతా బజారులో లోకుం (టర్కీ మిఠాయి) తింటూ కూర్చుంది. పెద్దవాళ్లతో వెళ్తే, పాత ఇంటి హోటల్ బుక్ చేసేముందే గది ఏ అంతస్తులో ఇస్తారో అడగండి.