మదర్ తెరెసా బడిపంతులమ్మగా గడిపిన ఏళ్ల గురించి సమాచారం కావాలి

నమస్కారం. మా విచారణ (పారిష్) గుడి పత్రికకు మదర్ తెరెసా బోధనా జీవితంపై ఒక వ్యాసం రాస్తున్నాను. ఈ విషయంలో తెలిసినవారి సహాయం కోరుతున్నాను. 1929 జనవరిలో కలకత్తా చేరి, డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, 1931లో తొలి సన్యాస వ్రతాలు స్వీకరించిన ఆమె, లొరెటో అనే కథోలిక సన్యాసినుల సభ సిస్టర్‌గా కలకత్తాలోని ఎంటాలీ ప్రాంతంలో ఉన్న సెయింట్ మేరీస్ బడిలో భూగోళం, చరిత్ర బోధిస్తూ 1944లో ప్రధానోపాధ్యాయురాలయ్యారు. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ రైలులో పేదల సేవకు రమ్మని వినిపించిన దైవ పిలుపు గురించి, 1948లో నీలి అంచు తెల్లచీరతో మఠం వదలడం గురించి అందరూ రాస్తారు గానీ, సుద్దముక్క పట్టిన ఆ పదిహేడేళ్లను ఒక్క వాక్యంతో దాటేస్తారు. నా చిత్తుప్రతిలోనూ ఆ భాగం నాలుగు పంక్తులకు మించలేదు, అదే నాకు వెలితిగా ఉంది.

ఆ రోజుల్లో లొరెటో సిస్టర్లు మఠం ప్రహరీ దాటి స్వేచ్ఛగా తిరిగే వీలు లేనందున, గోడ అవతలి మోతీఝీల్ బస్తీతో ఆమెకు, ఆమె విద్యార్థినులకు పరిచయం ఎలా ఏర్పడింది? ఆమె వద్ద చదువుకున్నవారి జ్ఞాపకాలు తెలుగులో గానీ, బెంగాలీ నుంచి అనువాదంగా గానీ ఎక్కడైనా దొరుకుతాయా? మరొక చిన్న సందేహం: సన్యాసినుల వ్రతాలకు మన క్రైస్తవ పాఠకులకు అలవాటైన 'మాటపట్టు' అనే పదమే వాడితే ఇతరులకు అర్థమవుతుందా? దయచేసి తెలియజేయగలరు.