బొంత, ఊలు అల్లిక, క్రాస్ స్టిచ్, అద్దకం: ఒకే ఇంట్లో నాలుగూ ఎలా నడుపుతున్నారు?

ఎంవీపీ కుట్లు
అందరికీ నమస్కారం. మాది విశాఖలో రెండు పడకగదుల ఫ్లాటు. అమ్మ పాత నేత చీరలతో మొదలుపెట్టిన బొంత సగం అయింది. అబ్బాయి ఢిల్లీలో చదువుతున్నాడు, చలి ముదిరేలోగా వాడికి స్వెట్టరు చేరాలి. గళ్ళు గళ్ళుగా నేసిన మ్యాటీ గుడ్డ మీద, గుణకారం గుర్తులాంటి కుట్లతో వేస్తున్న క్రాస్ స్టిచ్ నెమలి మెడ వరకు వచ్చి ఆగింది. బొంత అంచుకు కావలసిన నీలం, మెంతిరంగు గుడ్డలు నేనే అద్దుకుందామని రంగులు కూడా తెచ్చాను. ఏ ఒక్కటీ వదిలే ఉద్దేశం లేదు. నాలుగింటికీ రోజును ఎలా పంచుతున్నారు? మిగతావి పాడవకుండా అద్దకం ఫ్లాటులో ఎక్కడ చేస్తున్నారు? సముద్రపు గాలికి సూదులు తుప్పు పట్టకుండా ఏం చేస్తున్నారు? పని మధ్యలో ఆపితే ఎక్కడ ఆపామో ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు?

మ్యాటీగళ్ళు
అద్దకం గురించే చెబుతాను, నా కడుపు మండింది అక్కడే. రంగుపొడి కొలుస్తుంటే ఉక్కపోస్తోందని మా ఆయన ఫ్యాను వేశారు. అప్పుడు ఎక్కడా ఏమీ కనిపించలేదు. పక్క గదిలో చట్రానికి బిగించి ఉన్న తెల్ల మ్యాటీ గుడ్డ మీద కూడా ఏమీ లేదు. తరువాత ఎప్పుడో ఆ పని పూర్తిచేసి, చేతి మురికి పోవాలని చల్లటి నీళ్ళలో ముంచాను. ఆవగింజలో సగం కూడా లేని నీలి చుక్కలు ఒక్కొక్కటే తేలాయి, చూస్తుండగానే పక్క గళ్ళలోకి పాకాయి. ఆ పొడి ఆరి ఉన్నంతసేపు కంటికి ఆనదు, తడి తగిలాకే బయటపడుతుంది.
కాబట్టి పొడిని నీళ్ళలో కలిపేది బాత్రూములోనే. తలుపు వేసుకుని, కింద తడిపిన పాత పేపరు పరిచి, ముక్కుకు మాస్కు కట్టుకుని చేయండి. ఆ పొడి పీల్చితే కొందరికి ఆయాసం పట్టుకుంటుంది. వంటగిన్నెలు, వంటగరిటెలు మాత్రం వాడకండి.

ఊలుబంతి
స్వెట్టరు ముందు. మీ నాలుగు పనుల్లో గడువున్నది అదొక్కటే. కానీ నమూనా ముక్క అల్లకుండా మొదలుపెట్టకండి. నాలుగంగుళాలకు కాస్త పైన అల్లి, ఉతికి, ఆరబెట్టి అప్పుడు కొలవండి. అంగుళానికి ఐదున్నర కుట్లు అనుకుని 220 కుట్లు ఎక్కించారనుకోండి, మీ చేతికి అంగుళానికి ఐదే పడితే 40 అంగుళాల ఛాతీ 44 అవుతుంది. ఆ స్వెట్టరులో ఇంకొకరు కూడా దూరవచ్చు. వరుస మధ్యలో ఎప్పుడూ ఆపకండి. రోజుల తరబడి ఆగిపోతే ఆ చోట కుట్లు సాగి గీతలా కనిపిస్తాయి. వరుస ముగించి, వరుస సంఖ్య చీటీ మీద రాసి సూదికి కట్టేయండి.

భీమిలి ఒడ్డు
అసలు మన ఊళ్ళో ఊలుతో పనేమిటండీ? అరకు వెళ్ళినప్పుడు తప్ప స్వెట్టరు బయటికి తీసేవాళ్ళే లేరు. ఊలు మానేసి నూలు దారం పట్టుకోండి.

ఊలుబంతి
అబ్బాయి ఢిల్లీలో ఉన్నాడని ఆవిడ మొదట్లోనే రాశారు. చదివి రాయండి.

గాజువాక బొంత
బొంత గురించి ఎవరూ మాట్లాడలేదే! పాత చీరలు ఇక కుదించుకుపోవు, ఎన్నో ఉతుకులు చూశాయి. మీరు అద్దే అంచు గుడ్డ కొత్తదైతే అది కుదించుకుపోతుంది, మొదటి ఉతుకుకే అంచు ముడతలు పడి బొంత మెలితిరుగుతుంది. కాబట్టి ముందే వేడినీళ్ళలో ఉతికి గంజి వదలగొట్టండి. గంజి ఉన్న గుడ్డకు రంగు కూడా సరిగా ఎక్కదు. నాలుగైదు చీరల మందం ఉంటే లోపల దూది అక్కరలేదు. మన ఉక్కకు దూది బొంత తేమ పీల్చి ముక్కవాసన వేస్తుంది. రంగు అద్దాక గుప్పెడు కళ్ళుప్పు వేసిన నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టండి, రంగు నిలుస్తుంది.

రంగులమిల్లు
ఉప్పు రంగును నిలపదు. నా ఉద్యోగమంతా మిల్లులో అద్దకం విభాగంలోనే గడిచింది, ఈ మాట ఎవరు చెప్పినా ఊరుకోలేను. నీళ్ళలో నూలుకు కొద్దిగా రుణావేశం ఉంటుంది, రంగుకూ అదే ఆవేశం. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఉప్పు ఆ తోపును తగ్గించి రంగును నూలు దగ్గరకు చేరుస్తుంది. అంతవరకే దాని పని. దగ్గరకు చేరిన రంగు నూలుతో రసాయనికంగా కలిసిపోవాలంటే క్షారం కావాలి, అంటే సోడా యాష్. ఇంట్లో చన్నీళ్ళతో అద్దే, నూలుతో ఇలా కలిసిపోయే రియాక్టివ్ రంగులన్నిటికీ ఇదే పద్ధతి. రంగు అద్దడం అయిపోయాక ఉప్పునీళ్ళలో నానబెట్టడం వల్ల ఏమీ రాదు.

గాజువాక బొంత
మా అత్తగారు కొత్త చీర ఏది తెచ్చినా ముందు ఉప్పునీళ్ళలోనే నానబెట్టేవారు. ఆ ఎర్ర అంచులు ఇవాళ్టికీ ఎర్రగానే ఉన్నాయి. మిల్లులో యంత్రాలు చేసే పనికీ, ఇంట్లో ఆడవాళ్ళు చేసే పనికీ తేడా లేదా? మేం కళ్ళతో చూసింది అబద్ధమా?

రంగులమిల్లు
అమ్మా, మీ అత్తగారి చీరలు మంచివి, వాటిని అద్దినవాళ్ళు సరిగా అద్దారు. ఉప్పు లేకపోయినా అవి నిలిచేవి. పరీక్ష కావాలంటే రంగు దిగే ఎర్ర గుడ్డను రెండు ముక్కలు చేయండి. ఒకటి ఉప్పునీళ్ళలో, ఒకటి మామూలు నీళ్ళలో నానబెట్టి, తరువాత రెండింటినీ తెల్ల గుడ్డతో కలిపి సబ్బుతో ఉతకండి. ఉప్పు నీళ్ళలో ఉన్నంతసేపు రంగు తక్కువ దిగుతుంది, అందుకే నిలిచిందనిపిస్తుంది. మంచినీళ్ళలో ఉతికితే మళ్ళీ దిగుతుంది.

భీమిలి ఒడ్డు
ఉప్పు రంగును గుడ్డ దగ్గరకు చేరుస్తుందని మీరే అన్నారు కదా. అయితే సముద్రపు నీళ్ళే తెచ్చుకుంటే పోదా? మన ఊళ్ళో ఉప్పు కొనడమెందుకు?

రంగులమిల్లు
వద్దు. సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి, ఉప్పు లెక్క వరకు అది పనికొస్తుందనిపిస్తుంది. కానీ అందులో కాల్షియం, మెగ్నీషియం కూడా ఉన్నాయి. మీరు సోడా వేయగానే అవి తెల్లటి మడ్డిగా విరిగి గుడ్డను పట్టుకుంటాయి. సోడాలో కొంత వాటికే ఖర్చవుతుంది, రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. బోరు నీళ్ళు గట్టిగా ఉన్న కాలనీల్లోనూ ఇదే బాధ. వాననీళ్ళు పట్టుకోండి, అద్దకానికి వాటిని మించినవి లేవు.

సహజరంగు
ఈ రసాయనాల గొడవ ఎందుకు? ఏటికొప్పాక ఎంత దూరం మనకు? వరాహ నది ఒడ్డున అంకుడు కర్ర బొమ్మలకు గింజలు, బెరడు, వేర్లు, ఆకుల నుంచి తీసిన రంగులే వేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మెంతిరంగు కావాలంటే దానిమ్మ తొక్కలు ఉడికించండి. మాస్కు అక్కరలేదు, ఫ్యాను భయం లేదు.

రంగులమిల్లు
ఏటికొప్పాకలో రంగు లక్కలో కలిసి, తిరిగే కర్ర మీద పూతగా పడుతుంది. ఆ బొమ్మను ఎవరూ సబ్బుతో ఉతకరు. బొంతను ఉతుకుతారు. రెండింటినీ ఒక గాటన కట్టకండి. సహజం అంటూ కొందరు పసుపు అద్దిన గుడ్డలు కూడా అమ్ముతున్నారు. అవి సబ్బు తగిలితే ఎర్రబడతాయి, ఎండ తగిలితే వెలిసిపోతాయి.

సహజరంగు
నేను పసుపు అనలేదు, దానిమ్మ అన్నాను. పసుపు నిలవదని అద్దకం తెలిసిన ప్రతివాళ్ళకూ తెలుసు. కరక్కాయ కషాయంలో ముంచి, పటిక పట్టించి, ఆ తరువాత రంగులో ఉడికిస్తే దానిమ్మ తొక్కల పసుపురంగు ఉతుకులకు తట్టుకుంటుంది. పెడన కలంకారీ అద్దకాలకు ఆధారం ఆ కరక్కాయ, పటికే కదా! తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో పులియబెట్టి తీసిన కసిం నలుపును ఏ సబ్బు కదిలించింది? మీ రియాక్టివ్ రంగులు బజారుకు వచ్చింది 1956లో. మచిలీపట్నం అద్దకాలు అంతకు శతాబ్దాల ముందే ఓడలెక్కి ఐరోపా చేరాయి. ఉతుకుకు నిలవకపోతే అంత దూరం ఎవరు కొన్నారు?

రంగులమిల్లు
కరక్కాయ, పటిక పద్ధతికి నా అభ్యంతరం లేదు, అది శాస్త్రమే. ఫ్లాటులో గంటల తరబడి తొక్కలు ఉడికించమని ఆవిడకు చెప్పేముందు గ్యాసు సంగతి కూడా చెప్పండి అంటున్నాను.

మధురవాడ ఏడో అంతస్తు
ఆవిడ ఉప్పు గురించి అడగనే లేదు, దానిమ్మ గురించీ అడగలేదు. రోజును ఎలా పంచాలని అడిగారు. నేను ఉద్యోగం చేస్తాను, నాకు పనిచేసిన పద్ధతి ఇది. క్రాస్ స్టిచ్ పొద్దుటి వెలుతురులో, ఇంట్లో వాళ్ళు లేవకముందు. దీపం కింద దగ్గరి ఛాయల దారాలు తేడా తెలియవు. అల్లిక బస్సులో. మద్దిలపాలెం దాటాక సీటు దొరుకుతుంది, సాదా వరుసలు చూడకుండా అల్లేయవచ్చు. బొంత రాత్రి టీవీ ముందు. అద్దకం ఆదివారం మాత్రమే. ఏ పనికి ఆ సంచి, కత్తెర కూడా వేరువేరు. ఒకే కత్తెర నాలుగు పనులకూ తిరిగితే రోజులో సగం దాన్ని వెతకడానికే పోతుంది.

సీతమ్మధార మేడ
రోజును కాదు, సంవత్సరాన్ని పంచాలి. ఏప్రిల్, మే నెలల్లో చేతులు చెమర్చుతుంటే తెల్ల గుడ్డ పట్టుకోను. అవి అద్దకం నెలలు. సోడా పట్టించిన గుడ్డను ఒక రాత్రంతా తడి ఆరకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచాలి, గది వెచ్చగా ఉంటే రంగు బాగా పడుతుంది. మన ఎండాకాలపు గది వేడే దానికి చాలు. అదే వేడిలో బొంతను ఒళ్ళో వేసుకుని కూర్చోలేం. అప్పుడు విడి చదరాలు కుట్టుకుని దాచుకోవాలి, వాటిని కలిపి బొంతగా చేసేది డిసెంబరు, జనవరిలో. తెల్ల గుడ్డ పని కూడా ఆ చల్లటి నెలలదే.

మధురవాడ ఏడో అంతస్తు
స్వెట్టరు డిసెంబరులోగా ఢిల్లీ చేరాలి. మీ క్యాలెండరులో దానికి చోటెక్కడ?

సీతమ్మధార మేడ
వానాకాలంలో. కిటికీలు మూసుకుని కూర్చునే రోజులన్నీ అల్లికవే.

ఉక్కునగరం క్వార్టరు
దాచుకోవడం గురించి ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి గదంతా నీళ్ళు. బీరువా పైన అట్టపెట్టెలో పెట్టిన దారాలన్నీ తడిసి, ఒక నాసిరకం ఎరుపు దిగి పక్కనున్న తెల్ల కండెలన్నిటినీ పట్టింది. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నవాటికి చుక్క తడి తగలలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో అట్టపెట్టె లేదు. ముదురు ఎరుపు దారాన్ని గుడ్డ మీద పెట్టేముందు తడిపి తెల్లకాగితానికి అద్ది చూస్తాను. కరెంటు లేని ఆ రోజుల్లో పగలంతా బొంతే కుట్టాను, కుట్టుమిషను మీద ఆధారపడేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

గాజువాక బొంత
ఈ ఒక్క మాటకు దండం పెడతాను. చేతికుట్టు బొంత మెత్తదనం మిషను బొంతకు రాదు. మిషను బొంతలను చేతికుట్టు పేరుతో అమ్ముతున్నారు, కొనేవాళ్ళకు తెలియడం లేదు. వెనక్కి తిప్పి చూడండి, కుట్టుకూ కుట్టుకూ మధ్య ఖాళీ ఉంటే చేతిది, ఎడం లేకుండా వరుసగా ఉంటే మిషనుది.

ఊలుబంతి
చేతితో రెండు నెలలు కుట్టినదానికి బజారులో ఇచ్చే ధర చీరల ఖరీదు కూడా రాదు. ఈ విషయం మీద వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తాను.

ఎంవీపీ కుట్లు
అందరికీ కృతజ్ఞతలు. సూదుల సంగతి ఎవరూ చెప్పలేదు.

మ్యాటీగళ్ళు
మొదటి నియమం, సూదిని మ్యాటీ గుడ్డలో గుచ్చి వదలకండి, తుప్పు మరక పడితే పోదు. ఆపేటప్పుడు పని దాటి అంచులో గుచ్చడం కూడా నాకు నచ్చదు, పూర్తిగా తీసేయాలి. చట్రం కూడా విప్పాలి, లేకపోతే గుండ్రటి మడత మురికితో సహా నిలిచిపోతుంది. స్పాంజిలో గుచ్చినా తడి పడుతుంది. ముతక ఊలు గుడ్డ ముక్క మీద మిషను నూనె చుక్క రాసి, దానిలో గుచ్చి, మూత బిగించే సీసాలో పెట్టండి. వాడేముందు పాత గుడ్డతో తుడవడం మరువకండి. అల్లిక సూదులు వెదురువి కొనుక్కుంటే ఆ బెంగే లేదు.
నెమలి ఎక్కడ ఆగిందో తెలియాలంటే గుడ్డ మీద పది గళ్ళకు ఒకసారి వేరే రంగు దారంతో గీత కుట్టుకోండి, నమూనా కాగితం జెరాక్సు మీద అయిపోయిన గళ్ళకు రంగు పూయండి. అంగుళానికి 14 గళ్ళ గుడ్డ అయితే 140 గళ్ళ నెమలి పది అంగుళాలు వస్తుంది, పటం కట్టించే ముందు చుట్టూ మూడు అంగుళాలు వదలాలి.

ఎంవీపీ కుట్లు
నిర్ణయించుకున్నాను. బస్సు నాకు లేదు కాబట్టి స్వెట్టరు మధ్యాహ్నం, నెమలి పొద్దున, బొంత రాత్రి. అద్దకం పొడులు సీలు విప్పకుండా బాత్రూము అటక ఎక్కించాను, స్వెట్టరు పోస్టు చేశాకే దించుతాను. ఇంకొక్కటి అడగాలి. దగ్గర్లో సోడా యాష్ దొరకలేదు, చాకలి సోడా గడ్డలు ఉన్నాయి. అవి పనికొస్తాయా? వంటసోడా వేయవచ్చని ఒకరు చెప్పారు.

రంగులమిల్లు
వంటసోడా వేయకండి, ఈ చన్నీళ్ళ పద్ధతికి దాని క్షారం చాలదు. చాకలి సోడా, సోడా యాష్ ఒకే పదార్థం. గడ్డల్లో నీరు కలిసి ఉంటుంది, అంతే తేడా. 286 గ్రాముల గడ్డల్లో అసలు సోడా 106 గ్రాములే, కాబట్టి బరువు 2.7 రెట్లు తీసుకోవాలి. లీటరుకు 20 గ్రాముల సోడా యాష్ అని రాసి ఉంటే 54 గ్రాముల గడ్డలు. గడ్డలు పైన తెల్లగా పొడిబారి ఉంటే నీరు కొంత పోయిందన్న మాట, అప్పుడు ఈ లెక్క కుదరదు. నిగనిగలాడే గడ్డలే చూసి కొనండి.