పసుపు జెర్సీ ఉంది, క్లబ్ లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ కథ పిల్లాడికి ఎక్కడి నుంచి చెప్పాలి?

లింగంపల్లి లోకల్ అడిగారు:

మా మేనల్లుడికి తొమ్మిదేళ్ళు. పోయిన నెలే ఫుట్‌బాల్ కోచింగ్‌లో చేరాడు. మొన్న ఆదివారం మా అమ్మ బీరువా సర్దుతుంటే నా పాత హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీ బయటపడింది. వాడు వేసుకుంటే మోకాళ్ళ దాకా వచ్చింది. లోగో మీద ఉన్న చార్మినార్ మినార్‌ని వేలితో తడుముతూ, "మామా, ఈ టీమ్ మ్యాచ్ ఎప్పుడుంది?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. "అన్నం తిన్నాక చెప్తా" అని తప్పించుకున్నాను.

2025లో క్లబ్ ఢిల్లీకి వెళ్ళిపోయింది, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆ సంగతి వాడికి ఎలాగూ తెలుస్తుంది. కానీ కథ అక్కడి నుంచి మొదలుపెడితే వాడు జెర్సీ విప్పేసి ఆడుకోవడానికి పోతాడు. నాకైతే అది 2019 నవంబర్ 2న మొదలైంది, శనివారం.

ఆ రోజు పటాన్‌చెరులో షిఫ్ట్ దిగి, యూనిఫాం బ్యాగులో కుక్కుకుని నేరుగా గచ్చిబౌలి వచ్చాను. మా చెల్లెలు మియాపూర్ నుంచి షేర్ ఆటోలో వచ్చింది. బాలయోగి స్టేడియంలో, ఇండియన్ సూపర్ లీగ్‌లో మన మొదటి హోమ్ మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్ మీద. అంతకు వారం ముందే కోల్‌కతాలో అక్కడి జట్టు ఏటీకే మనల్ని 5-0తో ఓడించింది. ఆఫీసులో అందరూ "ఎందుకురా టికెట్ డబ్బులు దండగ" అన్నారు. ఫస్ట్ హాఫ్‌లో రాహుల్ కేపీ గోల్ కొట్టాడు, మనం వెనకబడ్డాం. సెకండ్ హాఫ్‌లో స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం. 81వ నిమిషంలో మార్సెలీనో ఫ్రీ కిక్ తీసుకున్నాడు. బంతి వల్లో పడడం నాకు సరిగ్గా కనబడనేలేదు, ఎందుకంటే ముందు వరసలో అందరూ ఒక్కసారిగా లేచారు. ఒకావిడ చేతిలో ఉన్న పల్లీల పొట్లం గాల్లోకి ఎగిరింది. రాత్రి ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే జేబులోంచి మూడు పల్లీలు రాలాయి. మా చెల్లెలు వాటిని తిననివ్వలేదు. ఒక చిన్న డబ్బాలో పెట్టి దాచింది.

ఆ సీజన్‌లో 18 మ్యాచ్‌ల్లో మనం గెలిచినవి రెండే. ఒకటి ఇది, రెండోది చివరి మ్యాచ్, నార్త్‌ఈస్ట్ మీద 5-1. మొత్తం 10 పాయింట్లు, పట్టికలో ఆఖరి స్థానం. అయినా ఆ రెండు గెలుపుల మీదే నేను ఏడాదంతా బతికాను.

తర్వాత కోచ్‌గా మనోలో మార్కెజ్ వచ్చాడు. కొత్త కుర్రాళ్ళను నమ్మి ఆడించాడు. ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయ్ ఇద్దరూ మన జెర్సీలోనే పేరు తెచ్చుకున్నారు. కానీ మన క్లబ్ బాగా ఆడిన మొదటి రెండు సీజన్లూ కరోనా వల్ల గోవాలోనే జరిగాయి. లీగ్ మ్యాచ్‌లన్నీ ఖాళీ స్టేడియాల్లోనే. 2022లో ఛాంపియన్లం అయిన సీజన్‌లో ఈ ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. మన ఒగ్బెచే 18 గోల్స్ కొట్టి, అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ గెలిచాడు. ఆ గోల్స్ నేను క్యాంటీన్లో ఉప్పు డబ్బాకి ఆనించిన ఫోన్‌లో చూశాను.

ఇంకో మాట కూడా వాడికి చెప్పాలనుంది. 2019లో మనకి క్లబ్ వచ్చింది పుణె క్లబ్ మూతపడ్డాక, దాని స్థానంలో. మార్సెలీనో కూడా అక్కడి నుంచి వచ్చినవాడే. అప్పుడు పుణెలో ఎవరి బీరువాలో ఏ జెర్సీ మిగిలిపోయిందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇప్పుడు రోజూ గుర్తొస్తోంది.

మీరైతే ఏ మ్యాచ్‌తో మొదలుపెడతారు? నేను చూడనివి చెప్పండి. ఫైనల్‌కి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే తప్పకుండా రాయండి.

గుంటూరు గోల్‌కీపర్:

అన్నా, నేను వెళ్ళాను. అప్పుడు బెంగళూరులో ఉద్యోగం. రాత్రి బస్సులో మడ్‌గావ్ చేరాను, 2022 మార్చి 20. ఫతోర్డా స్టేడియం చుట్టూ ఎటు చూసినా పసుపే. ఒక్క క్షణం మనవాళ్ళే అనుకుని పొంగిపోయాను. అంతా కేరళ వాళ్ళు! లీగ్‌లో మనం రెండో స్థానం, వాళ్ళు నాలుగు, అందుకని పసుపు జెర్సీ వేసుకునే హక్కు మనకొచ్చింది. వాళ్ళ ఆటగాళ్ళు నల్ల జెర్సీలో దిగారు. అయినా వాళ్ళ కోచ్ అభిమానుల్ని పసుపులోనే రమ్మన్నాడు. నా ఒంటి మీదా పసుపే కాబట్టి, నేను తెలుగులో అరిచేదాకా పక్కవాళ్ళకి నేనెవరో తెలియలేదు. తెలిశాక కూడా నీళ్ళ బాటిల్ ఇచ్చారు, చాలా మంచివాళ్ళు.

68వ నిమిషంలో గోల్ కొట్టింది మళ్ళీ అదే రాహుల్ కేపీ. అయిపోయిందనుకున్నాను. 88వ నిమిషంలో సాహిల్ తవోరా, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చినవాడు, బాక్స్ బయట నుంచి వాలీ కొట్టాడు. 1-1.

నేను మీ మేనల్లుడికి కథ మొదలుపెడితే కట్టిమణితో మొదలుపెడతాను. లక్ష్మీకాంత్ కట్టిమణి గోవా మనిషి. 2015లో ఇదే మైదానంలో ఎఫ్‌సీ గోవా గోల్‌కీపర్‌గా ఫైనల్ ఆడాడు. 90వ నిమిషందాకా 2-1 ఆధిక్యంలో ఉండి, బంతి అతనికే తగిలి గోల్లోకి పోయింది. ఆ వెంటనే చెన్నై జట్టు చెన్నైయిన్ ఇంకోటి కొట్టి కప్ పట్టుకుపోయింది. నేను కూడా కీపర్‌నే, మా కాలేజీ టీమ్‌కి ఆడాను. అలాంటి గోల్ ఒకటి తగిలితే నెలల తరబడి నిద్ర పట్టదు.

ఆరేళ్ళకి అదే మైదానంలో పెనాల్టీ షూటౌట్. మొదట లెస్కోవిచ్ కిక్ ఆపాడు. తర్వాత నిషూ కుమార్‌ది ఆపితే, లైన్ దాటి ముందుకొచ్చాడని రిఫరీ మళ్ళీ కొట్టించాడు. కీపర్‌కి అంతకన్నా పెద్ద పరీక్ష ఇంకోటి ఉండదు. అంత కష్టపడి ఆపింది లెక్కలోకి రాలేదు, గుండె దడదడలాడుతుంటే మళ్ళీ లైన్ మీదికి నడవాలి. రెండోసారీ ఆపాడు! తర్వాత జీక్సన్ సింగ్‌ది కూడా. మన వైపు సివేరియో మిస్ చేసినా జావో విక్టర్, కమారా, చివర్లో హలిచరణ్ నర్జారీ కొట్టేశారు. 3-1. నా గొంతు మూడు రోజులు పని చేయలేదు, ఆఫీసులో సైగలతోనే గడిపాను.

కొత్తపేట కార్నర్:

కప్ గురించి అందరూ చెప్తారు. నన్నడిగితే 2023-24 సీజన్ కూడా వాడికి చెప్పాలి. జీతాల సమస్యలొచ్చి జనవరిలో పెద్ద ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. విదేశీ ఆటగాళ్ళలో జావో విక్టర్ ఒక్కడే నిలబడ్డాడు. మిగతా అంతా కుర్రాళ్ళు. 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే, చెన్నైయిన్ మీద చెన్నైలో 1-0. ఆ సీజన్‌లో గచ్చిబౌలిలో మేం పదిమందిమి కూర్చుంటే డ్రమ్ము చప్పుడు అవతలి స్టాండ్‌కి తగిలి మళ్ళీ మాకే వినబడేది. ఓడిపోతామని తెలిసి కూడా ఆ కుర్రాళ్ళు 90 నిమిషాలూ పరిగెత్తారు. వాళ్ళ కోసమే నేను ప్రతి మ్యాచ్‌కీ వెళ్ళాను. ఇప్పటికీ వాళ్ళు ఏ జట్టులో ఆడినా స్కోరు చూస్తుంటాను.

బొల్లారం బ్యాక్:

తమ్ముడూ, మీరంతా 2019 నుంచి మొదలుపెడుతున్నారు. నాకు 72 ఏళ్ళు. మా నాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఆయనకి క్లబ్ అంటే హైదరాబాద్ సిటీ పోలీస్. బొంబాయిలో రోవర్స్ కప్ వరసగా ఐదేళ్ళు, 1950 నుంచి 1954 దాకా, మన పోలీసులే గెలిచారు. 1950లో ఢిల్లీలో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చారు. మా నాయన నాకు ఎక్కాలకన్నా ముందు నేర్పింది ఈ పేర్లు: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, మొయినుద్దీన్, జమాల్. అన్నం కలిపి ముద్ద పెడుతూ ఒక్కో పేరూ పలికించేవాడు.

ఆ జట్టు వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. బడి పంతులు. పంతులు కాబట్టే ఆటని కూడా పాఠంలా చెప్పాడని నా నమ్మకం. బంతిని ఎక్కువసేపు కాళ్ళ దగ్గర పెట్టుకోవద్దు, తొందరగా పాస్ ఇవ్వు అనేవాడు. పిల్లలకి ఒక టోర్నమెంట్ పెట్టాడు, అందులో బలహీనమైన కాలితోనే కొట్టాలి. కుడికాలి వాడు ఎడమతో, ఎడమకాలి వాడు కుడితో. రెండు కాళ్ళూ ఒకేలా పలకాలని.

తర్వాత ఆయనే దేశం జట్టుకి కోచ్. 1951 ఏషియాడ్ బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. మెల్‌బోర్న్ వెళ్ళినవాళ్ళలో మన బలరాం ఉన్నాడు. అమ్ముగూడ కుర్రాడు, మాకు పక్క ఊరే. 1962లో క్యాన్సర్ ఒంట్లో పెట్టుకుని రహీం సాబ్ జకార్తా ఏషియాడ్‌కి వెళ్ళాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. మరుసటి ఏడాది జూన్‌లో పోయాడు. ఆ రోజు మా నాయన పనిలోంచి వచ్చి కాళ్ళు కడుక్కోకుండా గడపలో కూర్చున్నాడు. నాకు పదేళ్ళు లేవు, ఎవరు చనిపోయారో అర్థం కాక అమ్మ వైపు చూశాను.

ఆటగాళ్ళు ఊరు వదలడం కూడా మనకి కొత్త కాదు. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. తర్వాత మన ఊరి ఆటగాడు మహమ్మద్ హబీబ్ కూడా కోల్‌కతా వెళ్ళాడు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ క్లబ్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2 చేసింది, అందులో ఒక గోల్ మన హబీబ్‌ది. కోల్‌కతా జెర్సీ వేసుకున్నా మేం అతన్ని మావాడనే అనుకున్నాం. హబీబ్ చివరికి 2023లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు.

మీ మేనల్లుడికి ముందు రహీం సాబ్ గురించి చెప్పండి. జెర్సీ కథ తర్వాత దానంతటదే వస్తుంది.

లింగంపల్లి లోకల్:

బొల్లారం సార్, మీరు రాసింది రాత్రి మా ఇంట్లో పైకి చదివాను. మా చెల్లెలు పల్లీల డబ్బా తెచ్చి పక్కన పెట్టుకుని విన్నది. కట్టిమణి దగ్గర వాడు "మళ్ళీ కొట్టించారా? అన్యాయం!" అని మంచం మీద లేచి నిలబడ్డాడు. గుంటూరు అన్నా, ఆ భాగం రెండుసార్లు చదివించుకున్నాడు. కొత్తపేట అన్నా, నీ డ్రమ్ము సంగతి విన్నాక "ఆ పదిమందిలో మామ ఉన్నాడా?" అని అడిగాడు. నేను ఆ సీజన్‌లో మూడు మ్యాచ్‌లకే వచ్చాను, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఢిల్లీ సంగతి కూడా చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. జెర్సీ మాత్రం విప్పలేదు.

ఈ రోజు సాయంత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఇద్దరం ఆడాం. వాడిది కుడి కాలు. ఎడమతో కొడతానన్నాడు. మొదటి నాలుగు బంతులూ స్కూటర్ల కిందికి దొర్లాయి. ఐదోసారి నేను "ఒక్కటి కుడితో కొట్టరా" అంటే, "వద్దు మామా, పంతులుగారు ఒప్పుకోరు" అని మళ్ళీ వెనక్కి నడిచాడు.