బీరులో అరటిపండు వాసన?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మేలో ఇంట్లో ఏల్ బీరు పెట్టాను, గదిలో 31 డిగ్రీలు. మూత తీస్తే గుప్పున అరటిపండు వాసన, తాగితే గొంతులో స్పిరిట్ మంట. ఈస్ట్ పాడైందా అన్నా?

జవాబు: ఈస్ట్ బానే ఉంది, వేడికి రెచ్చిపోయింది. చాలా ఏల్ ఈస్ట్‌లకు 18–22 డిగ్రీలు చాలు. ఆ పైన ఎస్టర్లు, అంటే పండ్ల వాసనిచ్చే పదార్థాలు, ఎక్కువ చేస్తాయి. ఆ అరటి వాసన ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్‌ది. మంట ఫ్యూజెల్ ఆల్కహాల్స్ అనే ఘాటు రకం ఆల్కహాల్స్‌ది, అదంత తేలిగ్గా పోదు. పైగా పులిసేటప్పుడు డ్రమ్ములో వేడి గదికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. మొదటి మూడు రోజులూ చల్లగా ఉంచితే తర్వాత కాస్త పెరిగినా టెన్షన్ లేదు.

జవాబు: డ్రమ్మును నీళ్ల టబ్బులో పెట్టి, తడిగుడ్డ చుట్టి ఫ్యాన్ వేయండి భయ్యా. మన ఎండాకాలం గాలి పొడి కాబట్టి పనిచేస్తుంది. వానాకాలంలో దండగ.

జవాబు: నార్వే వాళ్ల క్వైక్ ఈస్ట్ 35 డిగ్రీల్లోనూ శుభ్రంగా పులుస్తుంది. మేలో నేను అదే వాడతా. అన్నట్టు, జర్మన్ గోధుమ బీరుకు ఆ అరటి వాసనే అందం!