"ఎర్రగా లేదు కదా" అని పంపించేశారా? మన చాయ చర్మానికి వైద్యం, మీ అనుభవాలు రాయండి

వాకిటి వేప:
మాది కల్వకుర్తి దగ్గర ఊరు. అమ్మకు 52 ఏళ్లు, పత్తి చేలల్లో కూలి పని. రెండేళ్లుగా కనురెప్పలు, మెడ పక్కలు, మోచేతి మడతలు ఒకటే దురద. గోకీ గోకీ అక్కడి చర్మం మందంగా, నల్లగా, పాత చెప్పు తోలులా అయింది. ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకుపోతే డాక్టరు కుర్చీలోంచి లేవకుండానే "ఎర్రగా అవుతుందా?" అని అడిగాడు. అమ్మ "ఎర్రగ కాదు సారూ, కమిలింది" అంది. "ఎర్రబడలేదంటే ఎలర్జీ కాదమ్మా, ఎండకు నల్లబడ్డావు" అని ఒక తెల్లబడే క్రీము, ఒక సబ్బు రాసిచ్చాడు. అన్నీ కలిపి 900 అయింది. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని అమ్మ నన్నే అడిగింది, "నేను తెల్లగ కావాలని వచ్చిన్నా బిడ్డా?" అని. నా దగ్గర జవాబు లేదు. ఫోన్లో వెతికితే వచ్చే ఫొటోలన్నీ గులాబీ రంగు చేతులవే, అమ్మ చేయి లాంటిది ఒక్కటీ దొరకలేదు. ఇట్లా ఎవరికైనా అయిందా?

పాలమూరు పీజీ:
చర్మవ్యాధుల్లో పీజీ చేస్తున్నా. ఫోన్లో చూసి జబ్బు పేరు చెప్పలేను కానీ అమ్మ వాడిన మాట మాత్రం సరైన మాట. వాపు ఉన్నచోటికి రక్తం ఎక్కువ వస్తుంది, తెల్ల తోలు మీద అది ఎర్రగా కందినట్టు కనిపిస్తుంది. మెలనిన్, అంటే తోలుకు రంగునిచ్చే పదార్థం, ఎక్కువున్న చర్మంలో అదే వాపు ఊదాగానో, ముదురు గోధుమగానో, ఒక్కోసారి బూడిద రంగులోనో కనిపిస్తుంది. కందడం, కమలడం అని మన భాషలో రెండు మాటలు ఊరికే లేవు. అందుకే వేలితో తాకి వేడి ఉందా, ఉబ్బు ఉందా, గరుకుగా ఉందా అని చూడాలి. కుర్చీలోంచి లేవకపోతే ఇది తెలియదు.

చర్మం రంగులకు మేం చదివే కొలత ఫిట్జ్‌ప్యాట్రిక్ స్కేలు, 1975 నాటిది. ఎండకు ఎవరు ఎంత కాలిపోతారో చూసి కాంతి చికిత్స మోతాదు నిర్ణయించడానికి పుట్టింది. మొదట్లో అది తెల్లవాళ్ల చర్మానికే, గోధుమ, నలుపు చాయలను తర్వాత చేర్చారు. కానీ ఇక్కడ ఓపీలో మేం పొద్దంతా చూసేది మన చాయనే, కాబట్టి తప్పంతా పుస్తకానిదే అంటే నేను ఒప్పుకోను.

వాకిటి వేప, ఒక్కటి చూసి చెప్పండి. అమ్మకు గదవ కింద, చెవుల వెనక కూడా ఉందా? ఎండ వల్ల వచ్చేదైతే నీడ పడే ఆ చోట్లను, పై కనురెప్పలను చాలావరకు వదిలేస్తుంది. గాలిలో ఎగిరొచ్చే దుమ్ము వల్లయితే అక్కడే ముందు పట్టుకుంటుంది. చేను చుట్టూ వయ్యారిభామ కలుపు (పార్థీనియం) ఉందా?

వాకిటి వేప:
ఇప్పుడే టార్చి వేసి చూశాను. రెండు చెవుల వెనకా ఉంది, గదవ కిందా ఉంది. వయ్యారిభామ సంగతి అడగకండి, మా ఊరి బాటకు రెండు దిక్కులా అదే.

సాగర్ ఎడమకాల్వ:
మిర్యాలగూడ దగ్గర మాది. అచ్చం ఇదే కథ మా నాయినది. ఆ మొక్కలని చేతులతో పీకేవాడు, తట్టుకుని తట్టుకుని ఒకసారి మొహం ఉబ్బి కళ్లు తెరవలేకపోయాడు. మూడేళ్లు ఎండ అన్నారు, తర్వాత షుగర్ అన్నారు, ఒకాయన రక్తం చెడింది అని ఇంజెక్షన్లు పొడిచాడు. ఆఖరికి హైదరాబాద్‌లో ప్యాచ్ టెస్టు చేశారు.

ఆ టెస్టు ఎలా ఉంటుందో చెప్తా, ఎవరూ ముందు చెప్పరు. వీపు మీద చిన్న చిన్న బిళ్లల్లో మందులు పెట్టి ప్లాస్టర్‌తో అంటిస్తారు. రెండు రోజులు అట్లే ఉండాలి, వీపు మీద నీళ్లు పోసుకోవద్దు, చెమట పట్టొద్దు. 48 గంటలకు తీసి చూస్తారు, 96 గంటలకు మళ్లీ చూస్తారు. అంటే వారంలో మూడు సార్లు పట్నం, లేదంటే అక్కడే చుట్టాల ఇంట్లో మకాం. నాట్లప్పుడు చెమట పట్టొద్దంటే ఎట్లా సార్ అని నాయిన అడిగితే ఆ మేడమ్ నవ్వలేదు, డేటు మార్చి రాసింది. రెండోసారి చూసేటప్పుడు లైటు వేసి, కళ్లజోడు తీసి, ఒక్కో గడి మీద వేలు పెట్టి తడిమింది. మన తోలు మీద ఎరుపు కనపడదు, వేలికి తగులుతుంది అంది. వయ్యారిభామ గడి దగ్గర మాకే తెలిసింది, సద్ద గింజల్లా లేచి ఉంది.

ఇప్పుడు మాత్రల మీద ఉన్నాడు, ప్రతి నెలా రక్త పరీక్ష. పూత రాకముందే పక్కవాళ్లతో పీకిస్తాం, నాయిన దగ్గరికి పోడు. బట్టలు కంచె మీద ఆరేయడం మానేశాం, ఇది చిన్న సంగతిలా ఉంటుంది కానీ మస్తు తేడా వచ్చింది.

మాజీ కౌంటర్:
నల్లగొండ జిల్లాలో ఒక మెడికల్ షాపులో నాలుగేళ్లు పనిచేశాను. తిట్టుకున్నా పర్లేదు, నిజం చెప్తా. చర్మం అనేసరికి మేమిచ్చేది ఒకటే ట్యూబు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపింది. తామరకూ అదే, గజ్జికీ అదే, మంగుకూ అదే. మూడు రోజుల్లో దురద తగ్గుతుంది, "మొన్నటి ట్యూబే ఇయ్యి" అని మళ్లీ వస్తారు. తామర మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది, పైకి గుండ్రంగా కనపడదు అంతే. నెల తర్వాత తొడల నుంచి నడుము దాకా.

స్టెరాయిడ్ క్రీములను 2018లో షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు, చీటీ లేకుండా అమ్మొద్దు. డబ్బా మీద రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ రాస్తేనే అమ్మాలి అని ఉంటుంది. మన ఊళ్లలో ఆర్ఎంపీ అంటే ఎవరో మీకు తెలుసు కదా, ఆ మూడక్షరాలతోనే పని నడిచిపోతుంది. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అని ఏది కనిపించినా అది స్టెరాయిడే. మొహానికి సొంతంగా రాసుకునేది కాదు.

పిల్లలమర్రి నీడ:
ఆ ట్యూబు బాధితురాలిని నేనే. పెళ్లికి ముందు మేనత్త తెచ్చిచ్చింది, "చామనచాయ పిల్లవు, జర మెరవాలె" అని. మొదటి నెల నిజంగానే మెరిసాను, అందరూ ఏం రాస్తున్నావని అడిగారు. రెండేళ్లకు చెంపల మీద నూగు వెంట్రుకలు, మొటిమలు, పొయ్యి దగ్గర నిలబడితే మొహానికి కారం పూసినట్టు మంట. మానేస్తే రెండో రోజుకే ఉబ్బి ఇంకా నల్లబడేది, భయపడి మళ్లీ రాసేదాన్ని. మహబూబ్‌నగర్‌లో చూపిస్తే డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది "మొహానికి ఏం రాస్తున్నావు, ట్యూబు చూపించు" అని. నేను సిగ్గుపడి తీసుకుపోలేదు, వారం వృథా. ఎవరైనా పోతుంటే ఖాళీ ట్యూబులు, డబ్బాలు అన్నీ సంచిలో వేసుకుపోండి. నాకు బాగవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

గట్టుమీద గుడి:
అన్నిటికీ రంగు అని అనకండి బాబూ. సర్కారు దవాఖానాలో ఒక్క డాక్టరు పొద్దున్నుంచి వంద మందిని చూస్తే తెల్లోడినైనా రెండు నిమిషాలే చూస్తాడు.

పాలమూరు పీజీ:
నిజమే, ఆ రెండు నిమిషాల బాధ నాకూ ఉంది. కానీ ఆ రెండు నిమిషాల్లో "దురద ఎక్కడ" అని అడిగితే ఒక దారి, "నల్లబడ్డావు" అంటే ఇంకో దారి. మెడ నల్లబడి మందంగా అయిన పిల్లలను తల్లులు పీచుతో రుద్దీ రుద్దీ తీసుకొస్తారు. అది మురికి కాదు, చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని శరీరం ఇస్తున్న గుర్తు. షుగర్ చూడాల్సిన చోట తెల్లబడే క్రీము రాస్తే ఎలా?

దేవరకొండ ఆశ అక్క:
మా తండాల్లో సర్వేకు పోతాను. ఒక పిల్లగాడికి వీపు మీద కొద్దిగా పాలిపోయిన మచ్చ, ఇంట్లో శోభి అనుకున్నారు, ఏడాది ట్యూబు రాశారు. కళ్లు మూసుకోమని చెప్పి పెన్ను మొనతో అంటిస్తే చుట్టూ తెలుస్తుంది, మచ్చ మీద తెలియదు. కుష్ఠు. పీహెచ్‌సీలో మాత్రలు ఉచితం, మచ్చల లెక్కను బట్టి 6 నెలలో 12 నెలలో.

అసలు చెప్పాలనుకున్నది ఇంకొకటి. ఆ మాత్రల పట్టీలో క్లోఫాజిమిన్ అని ఒకటుంటుంది, దాంతో ఒళ్లు నల్లబడుతుంది. ఒక అమ్మాయి నాలుగో నెలలో మానేసింది. అడిగితే "సంబంధం చూస్తున్నారక్కా, గింత నల్లగైతే ఎవరు చేసుకుంటరు" అంది. మందు మొదలుపెట్టిన రోజే ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే మానేది కాదు. మూడుసార్లు పోయి, కోర్సు అయ్యాక రంగు మెల్లమెల్లగా తిరిగొస్తుందని వాళ్లమ్మను కూర్చోబెట్టి చెప్పాను. మళ్లీ మొదలుపెట్టి పూర్తిచేసింది. మచ్చ కంటే ఆ నలుపుకే ఎక్కువ భయపడింది ఆ పిల్ల.

డల్లాస్ నల్లగొండ:
ఇక్కడ అమెరికాలో కూడా తేడా లేదు. మా రెండేళ్ల బాబుకు ఎగ్జిమా, రాత్రంతా గోక్కుని దుప్పటి మీద రక్తం. పిల్లల డాక్టరు "ఎరుపు పెద్దగా లేదు, మైల్డ్" అని వాసెలిన్ లాంటిదే రాసింది. ఇంకో డాక్టరు మోకాలి వెనక చేయి పెట్టి చూసి ఇది మైల్డ్ కాదంది. ఇంకో సంగతి, మా చెల్లి హైదరాబాద్‌లో ఒక సెంటర్‌లో వెంట్రుకలు తీసే లేజర్ చేయించుకుంటే కాలిపోయి కాళ్ల మీద చారలు పడ్డాయి. మన చాయకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ కొంత భద్రం అంటారు, ఏ మెషినో అడగండి, చెప్పకపోతే లేచి వచ్చేయండి.

వాకిటి వేప:
అందరికీ థ్యాంక్స్. రేపు ఉస్మానియాకు పోతున్నాం, ఎంజీబీఎస్ బస్టాండులో దిగితే నడిచిపోయే దూరమే. అమ్మకు మహాలక్ష్మి పథకం వల్ల బస్సు టికెట్ లేదు, నాకే. ప్యాచ్ టెస్టు అంటే ఉండటానికి మలక్‌పేటలో చిన్నమ్మ ఇల్లు చూసిపెట్టాను. ఖాళీ ట్యూబులు వెతికితే దూలం మీద అయిదు దొరికాయి, అందులో రెండు స్టెరాయిడ్, ఎప్పుడు కొన్నదో అమ్మకే గుర్తులేదు. డాక్టరుకు చూపిద్దామని సాయంత్రం వయ్యారిభామ కొమ్మ ఒకటి తెంపి కవర్లో కట్టుకుంది, చేతులకు గుడ్డ కూడా చుట్టుకోకుండా. పారేయించి ఫొటో తీసుకున్నాను. ఆరింటి బస్సు.